నాపబండల మీద గిటారు కూత

రాతి హాళ్ళు, ఎండిన గాలి, ‘ఇంకా పెంచు’ అనే జనం. కర్నూలు, కడపల్లో తీగవాయిద్యం మైకెక్కితే ఏం జరుగుతుంది?

కర్నూలులోనో కడపలోనో కల్యాణ మండపం కట్టేవాళ్ళు నేల గురించి ఎక్కువసేపు ఆలోచించరు. బేతంచెర్ల నాపబండలున్నాయి, కడప నల్లబండలున్నాయి. పాలిష్ పట్టిస్తే మెరుస్తాయి, ఎండాకాలం కాళ్ళకు చల్లగా తగులుతాయి, వెయ్యిమంది తిని లేచినా నీళ్ళు కొట్టి తుడిస్తే చాలు. గోడలకు నడుమెత్తు వరకు టైల్సో గ్రానైటో వేస్తారు. పైన ఆర్‌సీసీ స్లాబు, కిటికీలకు గాజు. పెళ్ళి చేసుకోవడానికి ఇంతకంటే సుఖమైన కట్టడం లేదు. పాట పాడుకోవడానికి ఇంతకంటే కష్టమైనదీ లేదు.

రాయి శబ్దాన్ని మింగదు. పాలిష్ బండ మీద పడిన శబ్దంలో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు తిరిగి గాల్లోకే వస్తుంది. ఎదురుగోడకు తగిలి మళ్ళీ ఇటే వస్తుంది. నడుమ దాన్ని కాస్త పీల్చుకునేది ఏదైనా ఉందంటే అది పెళ్ళికొచ్చిన జనమే, వాళ్ళ ఒంటి మీది బట్టలే.

దీనికో లెక్క ఉంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాల కట్టారు. లోపల మాట్లాడిన మాట ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని బాగుచేసే పని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడి నెత్తిన పడింది. ఆయన పక్కనున్న థియేటర్లోంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోసుకొచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో ఓపికగా కొలిచాడు. ఆ కొలతల్లోంచి పుట్టిన సూత్రాన్నే ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతోంది. అదే సూత్రాన్ని మన హాలుకు వేసి చూద్దాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 15, ఎత్తు 5. నేల, గోడలు, కప్పు కలిపి సగటున నూటికి మూడు పాళ్ళే పీల్చుకుంటాయనుకుందాం. ఖాళీ హాల్లో ఒక చప్పట్లో పుట్టిన శక్తి పదిలక్షల్లో ఒక వంతుకు తగ్గడానికి దాదాపు 9 సెకన్లు పడుతుంది. అదే హాల్లో 400 మంది కూర్చుంటే 1.6 సెకన్లు చాలు. ఇది కాగితం మీది లెక్క. తలుపులు, సోఫాలు, స్టేజీ అలంకారం ఉంటాయి కాబట్టి అసలు ఖాళీ హాల్లో తొమ్మిది సెకన్లు రావు. తేడా ఎంతటిదో తెలియడానికి మాత్రం ఈ లెక్క చాలు.

రిసెప్షన్లలో పాటకచేరి చూసినవాళ్ళకు ఒక సంగతి అనుభవమే. ఏడున్నరకు మొదలుపెట్టిన ఆర్కెస్ట్రా ఎనిమిదిన్నర దాకా బాగానే నడుస్తుంది. భోజనాల పిలుపు రాగానే హాలు సగానికి సగం ఖాళీ అవుతుంది. అప్పుడే, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, గిటారు కూయడం మొదలెడుతుంది. ముందు సన్నగా ఒక ‘ఊఁ’. రెండు క్షణాల్లో అది హాలంతా నిండుతుంది. అందరూ మైకుసెట్టాయన వైపు తిరిగి చూస్తారు. ఆయన మిక్సర్ మీద చెయ్యి కూడా వేసి ఉండడు. హాల్లోంచి రెండువందల మంది లేచి వెళ్ళారు, అంతే. శబ్దాన్ని తాగే ఒళ్ళు తగ్గాయి, బండలు మిగిలాయి.

గిటారు ఎక్కడిది మనకు?

రాయలసీమకు తీగవాయిద్యం కొత్తేమీ కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తత్వాలు పాడేవాళ్ళ భుజాన తంబుర ఉంటుంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో అన్నమయ్య జయంతి సభల్లో వీణ, వయొలిన్ వినిపిస్తాయి. గిటారు మాత్రం ఎక్కువగా చర్చి గుండా ఊళ్ళల్లోకి వచ్చింది. లండన్ మిషన్ వాళ్ళు 1822లో కడపకు వచ్చారు. తర్వాత జమ్మలమడుగు, నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లో రకరకాల మిషన్లు వెలిశాయి. మొదట్లో హార్మోనియం, తబలా, తాళాలు. ఇప్పుడు ఆదివారం ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్స్, పక్కన ఒక అకౌస్టిక్ గిటారు. ఇంకో దారి పెళ్ళి ఆర్కెస్ట్రా. మూడో దారి కాలేజీ. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నుంచి కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీల దాకా వార్షికోత్సవం అంటే గిటారు మెడలో వేసుకున్న కుర్రాడు ఒకడు ఉండాల్సిందే.

హాస్టల్ గదిలో వాయించినప్పుడు ఆ గిటారు ముద్దుగా పలుకుతుంది. స్టేజీ ఎక్కి వైరు గుచ్చగానే ఎందుకు ఎదురుతిరుగుతుంది?

గిటారు అంటే తీగ కాదు, డబ్బా. తీగ ఒక్కటే ఊగితే పక్కవాడికి కూడా వినపడదు. తీగ ఊపును బ్రిడ్జి పట్టుకుని ముందున్న పల్చటి చెక్కపలకకు ఇస్తుంది. పలక కదిలి లోపలి గాలిని కదిలిస్తుంది. ఆ గాలి గుండ్రటి రంధ్రంలోంచి లోపలికీ బయటికీ ఊగుతుంది. గాలికో సొంత శ్రుతి ఉంది, మామూలు సైజు గిటారుకు అది సెకనుకు సుమారు 100 ఊపుల దగ్గర ఉంటుంది. పలకకు ఇంకో సొంత శ్రుతి ఉంది, సుమారు 200 దగ్గర. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల్లోకి దిగినవాళ్ళు సప్తస్వరాల గుహ చూసే ఉంటారు. పైనుంచి వేలాడే రాతిధారలను తడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. తట్టేవాడు ఎవడైనా ఆ రాయి పలికేది దాని స్వరమే. గిటారు డబ్బా కూడా అంతే. ఏ శబ్దం తగిలినా తన రెండు శ్రుతుల దగ్గరే ఎక్కువగా కదులుతుంది.

ఇప్పుడు ఆ రెండు శ్రుతుల పక్కన ఏ తీగలున్నాయో చూడండి. గిటారు అయిదో తీగ 110 హెర్ట్జ్, మూడో తీగ 196. కూత తరచూ ఆ ‘ఏ’, ‘జీ’ స్వరాల చుట్టుపక్కలే మొదలవడం యాదృచ్ఛికం కాదు.

స్పీకర్ బాక్సులోంచి వచ్చిన గిటారు శబ్దం హాల్లో తిరిగి మళ్ళీ గిటారు పలకకే తగులుతుంది. పలక కదులుతుంది. పలకను పట్టుకుని ఉన్న పికప్ (ఊపును కరెంటుగా మార్చే ముక్క) ఆ కదలికను కూడా వాయించిందే అనుకుని మిక్సర్‌కు పంపుతుంది. మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్‌కు, అక్కణ్ణించి బాక్సుకు, మళ్ళీ పలకకు. ఒక్కో చుట్టులో శబ్దం కొంచెం తగ్గి వస్తే గొడవ లేదు, కాసేపటికి చచ్చిపోతుంది. తగ్గకుండా, అదే ఊపుకు జత కలిసి వస్తే మాత్రం అది చక్రవడ్డీ. బాక్సు మూడున్నర మీటర్ల దూరంలో ఉందంటే శబ్దం చేరడానికి సెకనులో వందో వంతు చాలు, అంటే సెకనుకు దాదాపు వంద చుట్లు. చుట్టుకు పది శాతం పెరిగితే ఏడు చుట్లలో అసలు రెట్టింపు అవుతుంది. ఏ షావుకారూ ఇంత తొందరగా వసూలు చేయలేదు. అందుకే కూత మొదలయ్యాక ఆలోచించే వ్యవధి ఉండదు, చెయ్యి ముందే సిద్ధంగా ఉండాలి.

యూరప్‌లో చాలా దేశాల్లో ఈ కూతను డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద పిలుస్తారు. సరదా ఏమిటంటే, ప్రపంచమంతా భయపడే ఈ శబ్దాన్ని కావాలని పాటలో పెట్టిన ఘనత బీటిల్స్‌ది. 1964 అక్టోబరులో ‘ఐ ఫీల్ ఫైన్’ రికార్డు చేసినప్పుడు జాన్ లెనన్ గిటారు ఆంప్లిఫయర్ పక్కన కూసింది. వాళ్ళకు అది నచ్చి పాట మొదట్లోనే ఉంచేశారు. ఆ గిటారు గిబ్సన్ జె-160ఈ అనే రకం, అకౌస్టిక్ ఒంటికి పికప్ బిగించింది. కూత తగ్గాలనే దాని ముందు పలకను మామూలు చెక్కతో కాకుండా ప్లైవుడ్‌తో చేశారు. అయినా కూసింది. మన పెళ్ళిళ్ళలో కూస్తే మాత్రం ఎవరూ రికార్డు చేసుకోరు.

కూతకు మూలం డబ్బాలో ఉందని తెలిశాక జనం డబ్బా మీదే పడ్డారు. హెలికాప్టర్లు తయారుచేసే చార్లెస్ కామన్ 1966లో ఓవేషన్ కంపెనీ పెట్టి, వెనక చెక్క బదులు గిన్నెలా గుండ్రంగా ఉండే కృత్రిమ పదార్థంతో గిటార్లు చేశాడు. ఇంకొందరు డబ్బానే తీసేశారు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేతిలోది డబ్బా లేని ఎలక్ట్రిక్ మాండొలిన్. నాలుగు జంటల ఎనిమిది తీగలు తీసేసి అయిదు విడి తీగలకు మార్చుకున్నాడు. లోపల బోలు లేదు కాబట్టి హాలు శబ్దం దాన్ని కదిలించలేదు. కర్ణాటక సంగీతంలో గమకం పలకడానికి కావలసినంత సేపు తీగ నిలబడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటిసారి కచేరి చేసిన పిల్లవాడు తర్వాత దేశదేశాల వేదికలెక్కాడంటే అందులో ఆ డబ్బా లేని చెక్కకు కూడా భాగం ఉంది. అకౌస్టిక్ గిటారు పట్టుకున్నవాడికి ఆ సౌకర్యం లేదు. డబ్బా తీసేస్తే వాడికి కావలసిన పలుకే పోతుంది.

వినేది గాలినా, చెక్కనా, తీగనా

కాబట్టి వాయించేవాడు మొదట తేల్చుకోవలసింది, తన గిటారు శబ్దాన్ని ఎవరు వినాలి అన్నది. ముందు స్టాండు పెట్టి మైకుతో తీస్తే అది గాలిని వింటుంది. పలుకు బాగుంటుంది, రికార్డింగ్ స్టూడియోలో అదే వాడతారు. కానీ అదే గాలిలో డ్రమ్ముంది, కీబోర్డుంది, బాక్సుంది. రాతి హాల్లో గిటారుకు మైకు పెట్టడం అంటే తగాదా కొని తెచ్చుకోవడమే. రెండోది పీజో పికప్. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. ఆ జాతి పట్టీని బ్రిడ్జి మీద తీగలు ఆనే చోట కింద పెడతారు. దుకాణంలో వైరు గుచ్చుకునే సాకెట్‌తో వచ్చే గిటార్లలో ఎక్కువ భాగం ఇవే. ఇది చెక్కను వింటుంది. మైకంత తొందరగా కూయదు, అయినా చెక్క కదిలితే దీనికీ వినపడుతుంది. మూడోది రంధ్రానికి అడ్డంగా బిగించే అయస్కాంత పికప్. ఇది ఉక్కుతీగ కదలికనే పట్టుకుంటుంది. పలుకు కాస్త ఎలక్ట్రిక్ గిటారులా మారుతుంది కానీ ముగ్గురిలో అణకువ గలది ఇదే.

పీజో ఉన్న గిటారుకు చౌకలో దొరికే మందు రంధ్రాన్ని మూసే రబ్బరు మూత. మూత పెట్టగానే 100 దగ్గరి గాలి శ్రుతి దాదాపు అణిగిపోతుంది. దగ్గర కూర్చుని వింటే గిటారు ముక్కు మూసుకున్నట్టు పలుకుతుంది. బాక్సులోంచి వినేవాళ్ళకు ఆ తేడా అంతగా తెలియదు. కొందరు గిటారిస్టులు దాన్ని అవమానంగా భావిస్తారు, ఎందుకో నాకు అర్థం కాదు. అయితే మూత పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 200 దగ్గరి పలక శ్రుతి మూత కిందికి రాదు. ‘మూత పెట్టినా కూస్తోందన్నా’ అనే మాట వెనక ఉన్నది ఈ రెండోదే.

రోహిణి కార్తెలో చెక్క

ఈ సీమ గాలి గురించి కంపెనీలు మాన్యువల్‌లో రాయవు. గిటారు తయారీదారులు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలంటారు. కర్నూలులో ఎండాకాలం మధ్యాహ్నం అది 30 శాతం కిందికి పడిపోతుంది. చెక్క తనలోని తేమను వదిలేసి అడ్డంగా కుంచించుకుపోతుంది. పలక లోపలికి కుంగుతుంది, తీగలు మెడకు దగ్గరై గరగరమంటాయి, మెడ మీది లోహపు పట్టీల (ఫ్రెట్ల) కొసలు అంచుల్లోంచి పొడుచుకొచ్చి చేతికి తగులుతాయి, మరీ ఎండితే పలక చీలుతుంది. చీలక ముందే కూత వైపు కూడా ఒక మార్పు వస్తుంది. ఎండిన పలక తేలికవుతుంది, తన ఊపును తాను అణచుకునే గుణం తగ్గుతుంది, చిన్న శబ్దానికే కదులుతుంది. జనవరిలో ఊరుకున్న గిటారు మే నెలలో అదే హాల్లో అదే వాల్యూమ్‌కు కూసిందంటే ఇది ఒక కారణం కావచ్చు. చిల్లులు పెట్టిన సబ్బుడబ్బాలో తడి స్పాంజి ముక్క ఉంచి గిటారు పెట్టెలో పడేస్తే చెక్క బతుకుతుంది. స్పాంజి గట్టిగా పిండి పెట్టాలి, నీరు కారితే జిగురు ఊడుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. 42 డిగ్రీల మధ్యాహ్నం సెకనుకు సుమారు 356 మీటర్లు, రాత్రి 28 డిగ్రీలకు దిగితే 348. తేడా రెండు శాతం పైచిలుకు. హాలు శ్రుతులు, డబ్బాలోని గాలి శ్రుతి ఈ వేగంతో పాటే కదులుతాయి, హాలు శ్రుతుల్లో 200 దగ్గర ఉన్నది దాదాపు 195కు జారుతుంది. మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ చేసి, కూసే స్వరాన్ని మిక్సర్‌లో సన్నగా గురిచూసి కోసి వెళ్ళిపోయినవాళ్ళు రాత్రి ఎనిమిదింటికి ఆశ్చర్యపోవడం అందుకే. పలక శ్రుతి చెక్కది కాబట్టి అది దాదాపు అక్కడే ఉంటుంది. కోత మరీ సన్నగా కాకుండా కాస్త వెడల్పుగా పెట్టుకోవడం మన వాతావరణానికి నప్పే పద్ధతి. డప్పు కొట్టేవాళ్ళు ఆట ముందు మంట వేసి చర్మం కాగబెట్టుకుంటారు, ఆట మధ్యలో మళ్ళీ కాగబెడతారు. వాతావరణాన్ని వాయిద్యంలో భాగంగా చూసే ఆ అలవాటు గిటారు పట్టినవాళ్ళకు ఇంకా రాలేదు.

రోంత పెంచన్నా

అన్నిటికంటే పెద్ద కారణం రాయీ కాదు, ఎండా కాదు. మనకు శబ్దం మీద ఉన్న మోజు. బాక్సుల వరుస స్టేజీ ఎత్తుకు లేస్తేనే పెళ్ళి ఘనంగా జరిగినట్టు. పాట మొదలవగానే ‘అన్నా, గిటారు అస్సలు ఇనపడల్యా, రోంత పెంచన్నా’ అని వాయించేవాడు సైగ చేస్తాడు. గిటారు పెంచగానే పాడేవాడికి తన గొంతు వినపడదు, గొంతు పెంచాలి. గొంతు పెంచితే కీబోర్డాయన తనది తనే పెంచుకుంటాడు. అరగంటలో అందరూ మొదటికే వస్తారు, హాలు మాత్రం రెట్టింపు శబ్దంతో నిండి ఉంటుంది. మైకుసెట్టాయనకు దీన్ని ఆపే అధికారం లేదు. పెళ్ళివారి బావమరిది వచ్చి ‘ఏమప్పా, సౌండ్ లేదే’ అంటే ఆయన పెంచాల్సిందే, కూస్తే తిట్లు కూడా ఆయనే తినాల్సిందే. అద్దె మాట్లాడుకునేటప్పుడు ఎన్ని బాక్సులు తెస్తావని అడుగుతారు కానీ, వాటిని ఎక్కడ పెడతావని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అసలు అడగాల్సింది అదే. బాక్సులు వాయించేవాళ్ళకు ముందుండాలి. స్టేజీ అంచుకంటే ముందుకు, జనం వైపు తిరిగి. చాలాచోట్ల అలంకారానికి అడ్డమని వాటిని వెనక్కి జరుపుతారు, కొన్ని చర్చిల్లో గాయకబృందం నెత్తి మీది గోడకే బిగించి ఉంటాయి. వెనక బాక్సు ఉంటే గిటారు పలకను నేరుగా పలికించినట్టే. స్టేజీ మీద వాయించేవాడికి వినిపించే మానిటర్‌కు కూడా ఇదే న్యాయం. పాడే మైకు కార్డియాయిడ్ రకమైతే దాని తోక వైపు చెవిటిది, కాబట్టి మానిటర్ సరిగ్గా వెనక ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ అయితే తోక వైపు కొంచెం వింటుంది, చెవుడు రెండు పక్కలకు జరిగి సుమారు 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. మైకు మారిస్తే మానిటర్ చోటు మారాలి. గిటారుకు మాత్రం చెవిటి వైపు లేదు. కాస్త పక్కకు తిరిగి, పలక మానిటర్‌ను చూడకుండా కూర్చోవడమే దారి.

దూరం గురించి ఒక భ్రమ ఉంది. ఆరుబయట బాక్సు దూరాన్ని రెట్టింపు చేస్తే శబ్దం 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం జరిగే ఆరుబయలు మైదానంలోనో, కడప అమీన్ పీర్ దర్గా ఉరుసు కవ్వాలీలోనో ఆ లెక్క పనిచేస్తుంది, అడ్డుగోడలు దూరంగా ఉంటాయి. పైన చెప్పుకున్న రాతి హాలు ఖాళీగా ఉన్నప్పుడు అన్ని వైపులకూ సమానంగా పలికే బాక్సు నుంచి ఒక మీటరు దాటగానే నేరుగా వచ్చే శబ్దం కంటే గోడలు తిప్పిపంపేదే ఎక్కువ. నాలుగు మీటర్లు జరిపినా ఎనిమిది మీటర్లు జరిపినా పెద్ద తేడా ఉండదు. జనం నిండితే ఆ హద్దు రెండు మీటర్లకు పెరుగుతుంది. అంటే రాతి హాల్లో బాక్సు జరపడం కంటే జనాన్ని ముందుకు కూర్చోబెట్టడం, గోడకు గుడ్డ వేలాడదీయడం ఎక్కువ ఫలితమిస్తాయి.

మైకుల లెక్క ఇంకోటి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత లేకుండా పెంచుకోగల శబ్దంలో 3 డెసిబెళ్ళు పోతాయి. గాయకబృందం ముందు ఎనిమిది మైకులు తెరిచి వదిలేస్తే ఒక్క మైకుతో పోలిస్తే 9 డెసిబెళ్ళు నష్టం. పాడనివాళ్ళ మైకు కట్టేయడానికి డబ్బు ఖర్చు కాదు. ఇక ఎకో. మనవాళ్ళకు గొంతులో ఎకో లేకపోతే పాట పాడినట్టుండదు. తొమ్మిది సెకన్లు మోగగల రాతి హాల్లో, మెషీన్ నుంచి ఇంకో ఎకో కలిపి, దాన్ని మానిటర్లలోకి కూడా వదలడం శుద్ధ తెలివితక్కువ పని. ఈ ఒక్క మీట కట్టేస్తే సగం హాళ్ళు బాగుపడతాయని నా నమ్మకం.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస కుటుంబం వారు కీచకవధ నాటకం ఆడినప్పుడు మైకే లేదు. గొంతే ఆధారం, పైగా గుడ్డ తెరలు, మట్టి నేల, దగ్గర దగ్గరగా కూర్చున్న జనం. అన్నీ శబ్దాన్ని తాగేవే. పద్యనాటకానికి మైకులొచ్చాక వాటిని పైనుంచి వేలాడదీశారు. కర్నూలులో పద్యనాటకం చూసినవాళ్ళకు తెలుసు, నటుడు సంభాషణ ఎక్కడున్నా చెబుతాడు కానీ రాగం తీయడానికి మాత్రం నడిచొచ్చి సరిగ్గా మైకు కిందే నిలబడతాడు. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్న శాస్త్రం అది. దూరం సగమైతే గొంతు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, ఆ మేరకు మైకును తగ్గించుకోవచ్చు, కూత దూరమవుతుంది.

మిక్సర్ దగ్గరికి

మీటలు తిప్పడం అన్నిటికీ ఆఖరు. ముందు గిటారు వాయించేవాడే కింది తీగల మీద ఒక్కో ఫ్రెట్ నెమ్మదిగా ఎక్కుతూ వాయించాలి. ఏదో ఒక స్వరం మిగతావాటికంటే ఉబ్బి, వేలు తీసినా పోకుండా నిలుస్తుంది. దొంగ అదే. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ అయితే 185, అయిదో ఫ్రెట్ అయితే 196. మిక్సర్‌లో ఆ చోట మూడు నుంచి ఆరు డెసిబెళ్ళు కోస్తే చాలు. పన్నెండు కోసి గిటారును చంపేయొద్దు. అంత కోయాల్సి వచ్చిందంటే వాల్యూమే తప్పు. గిటారులో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానికంటే కింద ఉన్నదంతా స్టేజీ చెక్కల దడదడ, కాళ్ళ చప్పుడు. లో-కట్ మీట నొక్కితే పోతుంది. బేస్ గిటారు ఉన్న బృందమైతే ఇంకాస్త పైకి, 120 దాకా కోసినా ఎవరూ గుర్తుపట్టరు. గిటారు మీదో ప్రీయాంప్ మీదో ‘ఫేజ్’ అని చిన్న మీట ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. అది తిరిగొచ్చే ఊపును తలకిందులు చేస్తుంది. కూసే స్వరానికి జత తప్పితే అది అక్కడే ఆగిపోతుంది. కొన్నిసార్లు ఒక స్వరం ఆగి ఇంకోటి లేస్తుంది. నొక్కి చూడటానికి ఒక్క సెకను, పనిచేస్తే అంతకంటే చౌక మందు లేదు.

కొత్త డిజిటల్ మిక్సర్లలో కూతను తానే వెతికి కోసే ఏర్పాటు ఉంటోంది. మాటలకు, ఉపన్యాసాలకు అది బాగా పనిచేస్తుంది. గిటారుకు జాగ్రత్త. నిలిపి మోగించిన స్వరాన్నే అది కూత అనుకుని కోసేస్తుంది, పాట సాగేకొద్దీ గిటారు పలచబడుతుంది. పాట మధ్యలో కూత మొదలైతే మిక్సర్ కోసం ఎదురుచూడకుండా వాయించేవాడు అరచేతితో తీగలన్నీ మూసి, ఒంటిని పక్కకు తిప్పాలి. పాటల మధ్య గిటారు కింద పెట్టేటప్పుడు వాల్యూమ్ సున్నా చేయాలి. చెవిలో పెట్టుకునే మానిటర్లు కొనగలిగిన బృందాలకు సగం బాధ ఉండదు, స్టేజీ మీద మానిటర్ బాక్సే అక్కర్లేదు.

చట్టం కూడా పెద్ద శబ్దం వైపు లేదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళే హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. పది దాటాక బరాత్ బండి వెనక నడిచినవాళ్ళెవరికైనా ఈ అంకెలు వింటే నవ్వొస్తుంది.

మండపాల యజమానులకు, చర్చి కమిటీలకు ఒక విన్నపం. నేల మార్చమని ఎవరూ అడగడం లేదు, కడప బండ మన గర్వం. స్టేజీ వెనక గోడకు, ఎదురుగోడకు మందపాటి కర్టెన్లు మడతలు పడేలా వేలాడదీయండి. గోడకు అతికించినట్టు కాకుండా జానెడు ఎడం వదలండి. ఫ్లెక్సీ పనికిరాదు, అది శబ్దాన్ని తాగదు. పెళ్ళివారికి ఇంకో మాట. పూలు కట్టేవాళ్ళకు పొద్దున్నే తాళం ఇస్తారు కదా, మైకుసెట్టాయనకు కూడా సాయంత్రం నాలుగింటికే తాళం ఇవ్వండి. బాక్సులు ఎక్కడ పెట్టాలో ఆయన్నే చెప్పనివ్వండి. కచేరి నడుస్తుండగా పెంచమని మీ బావమరిదిని పంపకండి.